1910: సేలం నేత కర్మాగారం ఎందుకు మూతపడింది?

మిత్రులారా, మార్లే పేరు వినగానే మీకు వెంటనే గుర్తొచ్చేది 1909 చట్టం. మింటో-మార్లే సంస్కరణలు, ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు, విస్తరించిన శాసన మండళ్లు. ప్రిలిమ్స్‌కు ఇంతవరకు చాలు. ఆ మరుసటి ఏడాది, 1910 జూలై 29న, అదే మార్లే లండన్ నుంచి మరో ఉత్తర్వు పంపాడు. అది మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యానికి మించి కనిపించదు. మద్రాసు ప్రభుత్వం పనివారికి కొత్త పద్ధతులు నేర్పడానికి స్వయంగా నడుపుతున్న కర్మాగారాలకు ఆ ఉత్తర్వు తాళం వేయించింది. సేలంలోని నేత కర్మాగారం వాటిలో ఒకటి.

ఆధునిక భారత చరిత్ర, ఆర్థిక చరిత్ర, పాలన అనే మూడు అంశాలూ కలిసే చోటు ఇది. అందుకే దీన్ని కాస్త నిదానంగా చదువుదాం.

నేపథ్యం: కరవు కమిషన్ నుంచి కర్జన్ దాకా

1876-78 నాటి మహా కరవు తర్వాత ఏర్పడిన కరవు కమిషన్ 1880లో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ప్రజల్లో అధిక భాగం వ్యవసాయం మీదే ఆధారపడటం వల్ల వాన తప్పితే పనీ తప్పుతోంది, పని తప్పితే తిండి తప్పుతోంది. కాబట్టి వృత్తుల్లో వైవిధ్యం రావాలి. దాదాభాయి నౌరోజీ, మహాదేవ గోవింద రనడే, రమేశ్ చంద్ర దత్ వంటివారు ఇదే సమస్యను మరో వైపు నుంచి చూపారు. చేతివృత్తులు కూలిపోతున్నాయి, వాటి స్థానంలో ఆధునిక పరిశ్రమలు రావడం లేదు, పనివారు భూమి మీదికి నెట్టబడుతున్నారు అన్నది వారి వాదన.

ప్రభుత్వం అసలు కదలలేదని చెప్పలేం. కర్జన్ 1901లో సిమ్లాలో విద్యా సమావేశం జరిపాడు. 1904లో భారతీయ విద్యార్థులు విదేశాల్లో సాంకేతిక శిక్షణ పొందడానికి ప్రభుత్వ ఉపకార వేతనాలు మొదలయ్యాయి. 1905లో వాణిజ్య, పరిశ్రమల శాఖ ఏర్పడింది. కానీ వీటిలో ఏదీ మగ్గం గుంటలో కూర్చున్న మనిషి దాకా రాలేదు. ఆ మనిషి దాకా వెళ్లాలని చూసింది ఒక రాష్ట్ర ప్రభుత్వం, అందులో ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడు.

ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ప్రయోగాలు

ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1888లో మద్రాసు ఇంజనీరింగ్ కళాశాలకు అధ్యాపకుడిగా వచ్చాడు. తర్వాత మద్రాసులోని ప్రభుత్వ చిత్రకళా, వృత్తి కళల పాఠశాల బాధ్యత కూడా చూశాడు. అక్కడ ఆయనకు ఒక విషయం అర్థమైంది. పాఠశాలలో నేర్పిన విద్య బజారులో చెల్లకపోతే, నేర్చుకున్న కుర్రాడు మళ్లీ పాత పనికే పోతాడు. కాబట్టి కొత్త వస్తువు తయారు చేసి, అమ్మి, లాభం వస్తుందని చూపిస్తేనే ఆ శిక్షణకు విలువ ఉంటుంది. ఆయన చేపట్టిన ప్రయోగాల్లో మూడు ముఖ్యమైనవి.

మొదటిది అల్యూమినియం. 1898లో ఆ పాఠశాలలోనే అల్యూమినియం పాత్రల తయారీ మొదలైంది. రాగి, ఇత్తడి పని తెలిసిన చేతులకు కొత్త లోహం దొరికింది. పాత్రలు అమ్ముడుపోయాయి. వ్యాపారం నిలదొక్కుకున్నాక ప్రభుత్వం తప్పుకుని దాన్ని ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. నేటికీ మన వంటిళ్లలో కనిపించే అల్యూమినియం గిన్నె కథలో ఇదొక తొలి అధ్యాయం.

రెండోది క్రోమ్ పద్ధతిలో తోళ్ల శుద్ధి. మద్రాసు రాష్ట్రంలో తోళ్లను తంగేడు చెక్కతో ఊనడం పాత పద్ధతి. అలా సగం శుద్ధి చేసిన తోళ్లు ఎగుమతి అయ్యేవి, అసలు లాభం విదేశాల్లో మిగిలేది. 1903లో మొదలైన క్రోమ్ ప్రయోగం తోలును నీటికి ఎక్కువకాలం తట్టుకునేలా చేసింది. బావి నుంచి నీళ్లు తోడే మోట తోళ్లకు అది బాగా పనికొచ్చింది.

మూడోది సేలం నేత కర్మాగారం. 1906లో మొదలైంది. మన కథకు ఇదే కేంద్రం.

సేలంలో ఏం ప్రయత్నించారు?

మామూలు గుంట మగ్గం మీద నేతగాడు నాడెను ఒక చేత్తో విసిరి మరో చేత్తో అందుకుంటాడు. ఫ్లై షటిల్ మగ్గంలో తాడు లాగితే నాడె దానంతట అదే అటూ ఇటూ పరుగెడుతుంది. నేత వేగం పెరుగుతుంది, చెయ్యి అందే దూరం కంటే వెడల్పైన బట్ట కూడా నేయవచ్చు. ఇంగ్లండ్‌లో జాన్ కే దీన్ని కనిపెట్టింది 1733లో. అంటే సేలంలో నేర్పబోయింది కొత్త వింత కాదు, అప్పటికే నూట డెబ్బై ఏళ్లు దాటిన యంత్రభాగం. మగ్గం మగ్గంగానే ఉంటుంది, ఆవిరి యంత్రం అక్కర్లేదు, పెట్టుబడి తక్కువ. మిల్లు బట్టతో పోటీ పడాల్సిన చేనేతకు ఇది అందుబాటులో ఉన్న మెరుగుదల.

అయితే ఛాటర్టన్ మగ్గం ఒక్కటే మార్చాలనుకోలేదు. పని జరిగే తీరు కూడా మార్చాలనుకున్నాడు. నేతవారిని ఒక కప్పు కిందికి తెచ్చి, నూలు సరఫరా చేసి, కూలి ఇచ్చి, తయారైన బట్టను ప్రభుత్వమే అమ్మితే ఎలా ఉంటుందో చూద్దామన్నది ఆలోచన. అప్పుల్లో ఉన్న నేతగాడిని నూలు వ్యాపారి పట్టు నుంచి విడిపించవచ్చన్న ఆశ అందులో ఉంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. నేతపని ఒక్కడి పని కాదు. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడతారు, పిల్లలు ఆసు పోయడంలో సాయపడతారు, పడుగుకు గంజి పెట్టడానికి వీధంతా కదులుతుంది. సేలంలో కైకోలర్లు, దేవాంగులు, సౌరాష్ట్రులు తరతరాలుగా ఇలాగే బతికారు. దేవాంగుల్లో తెలుగు, కన్నడం ఇంటిభాషగా ఉన్నవారూ ఉన్నారు. అలాంటి మనిషిని ఉదయం గంట కొట్టగానే రమ్మంటే, ఇంటిల్లిపాదీ చేసే పనిని ఒక్కడి కూలిగా లెక్కకడితే, అతను ఇష్టపడలేదు. హాజరు నిలకడగా ఉండేది కాదు. ఇంటి దగ్గర చేతనైనప్పుడు నేసుకునే స్వేచ్ఛ, పెళ్లికో పండక్కో వ్యాపారి ఇచ్చే బయానా, ఇవి రెండూ కర్మాగారంలో దొరకవు.

ఈ విషయం మీ జవాబులో తప్పకుండా ఉండాలి. సేలం కర్మాగారం అద్భుతంగా నడుస్తుండగా వలస ప్రభుత్వం కక్షతో మూసేసిందని రాస్తే అది చరిత్ర కాదు. ప్రయోగం సగంలో ఉంది. మగ్గం మంచిదని తేలుతోంది, కర్మాగార పద్ధతి కుదరదేమో అన్న అనుమానం మొదలైంది. ఆ పాఠం నుంచి తర్వాతి అడుగు వేయాల్సిన సమయంలో తలుపులు మూతపడ్డాయి.

ఎదురు వచ్చింది ఎవరు?

1907లో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం నైనితాల్‌లో, 1908లో మద్రాసు ప్రభుత్వం ఊటీలో పారిశ్రామిక సమావేశాలు జరిపాయి. పరిశ్రమలకు ప్రత్యేక శాఖ, దానికి డైరెక్టర్, కొత్త పరిశ్రమలను ప్రభుత్వమే మొదట నడిపి చూపడం వంటి ప్రతిపాదనలు ఊటీ సమావేశం నుంచి వచ్చాయి. మద్రాసులో పరిశ్రమల శాఖ ఏర్పడింది, ఛాటర్టన్ దాని డైరెక్టర్ అయ్యాడు.

మద్రాసులోని ఐరోపా వ్యాపార వర్గం దీన్ని సహించలేదు. ప్రభుత్వమే వ్యాపారంలోకి దిగితే ప్రైవేటు సంస్థల గతేమిటన్నది వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదు లండన్ చేరే సమయానికి అక్కడ భారత రాజ్య కార్యదర్శి స్థానంలో ఉన్నది మార్లే. ఆయన ఉదారవాది. స్వేచ్ఛా వాణిజ్యం కోసం పోరాడిన రిచర్డ్ కాబ్డెన్ జీవిత చరిత్ర రాసిన మనిషి. ప్రభుత్వం మార్కెట్‌లో వేలు పెట్టకూడదన్నది ఆయనకు రాజకీయ అవసరం మాత్రమే కాదు, నమ్మకం కూడా.

1910 జూలై 29 ఉత్తర్వు సారాంశం ఇది. ప్రభుత్వ ధనాన్ని పారిశ్రామిక విద్య కోసం ఖర్చు చేయవచ్చు. కొత్త పరిశ్రమల గురించి సమాచారం, సలహా ఇచ్చే కార్యాలయం ఉన్నా అభ్యంతరం లేదు. కానీ వాణిజ్య సంస్థలా కనిపించే ఏ పనీ ప్రభుత్వం చేయకూడదు. దీనితో సేలం నేత కర్మాగారం మూతపడింది, తోళ్ల కర్మాగారాన్ని అమ్మేశారు. పరిశ్రమల శాఖ నడక కూడా అక్కడితో ఆగింది.

నిజంగా అది జోక్యరహిత విధానమేనా?

ఇప్పుడు విశ్లేషణకు వద్దాం. ఇలాంటి ప్రశ్నల్లో మార్కులు వచ్చేది ఇక్కడే. ప్రభుత్వం వ్యాపారం చేయకూడదన్న సూత్రాన్ని వలస ప్రభుత్వం అన్నిచోట్లా పాటించిందా?

ఘాజీపూర్‌లో నల్లమందు కర్మాగారాన్ని నడిపింది ప్రభుత్వమే. ఉప్పు మీద గుత్తాధిపత్యం ప్రభుత్వానిదే. నీలగిరుల్లో సింకోనా తోటలు పెంచింది ప్రభుత్వమే. 19వ శతాబ్దం మధ్యలో రైల్వే కంపెనీలకు పెట్టుబడి మీద 5 శాతం రాబడికి హామీ ఇచ్చింది ప్రభుత్వమే. నష్టం వస్తే భారతీయ పన్ను చెల్లింపుదారు భరించాడు. లాంకషైర్ మిల్లుల ఒత్తిడికి లొంగి 1896లో భారతీయ మిల్లు బట్ట మీద 3.5 శాతం ఎక్సైజ్ సుంకం వేసింది కూడా ఈ ప్రభుత్వమే. ఇవన్నీ జోక్యాలే. ఖజానాకు రాబడి తెచ్చే చోట, బ్రిటిష్ పెట్టుబడికి భరోసా ఇచ్చే చోట జోక్యం తప్పు కాలేదు. సేలం నేతగాడికి మెరుగైన మగ్గం నేర్పి అతని బట్ట అమ్మే చోట మాత్రం సూత్రం గుర్తొచ్చింది.

కాబట్టి మీరు జవాబులో 'జోక్యరహిత విధానం' అని ఒక్క మాట రాసి వదిలేయకండి. 'ఎంపిక చేసుకున్న జోక్యరహిత విధానం' అని రాసి, పై ఉదాహరణల్లో రెండు చేర్చండి. మీ వాక్యానికి బలం వస్తుంది.

మరో కోణం కూడా ఉంది. మార్లే శిక్షణను వద్దనలేదు, ఉత్పత్తిని వద్దన్నాడు. ఆ గీత కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది. వృత్తివిద్యలో ఆ గీత ఎక్కడ గీయాలి? బజారులో అమ్ముడయ్యే బట్ట నేయకుండా నేత నేర్పడం ఎలా? వాడకంలో ఎన్నాళ్లు మన్నుతుందో చూడకుండా తోలు శుద్ధి నేర్పడం ఎలా? పోలిక కోసం బెంగాల్ వైపు చూడండి. సెరంపూర్‌లో 1908లో మొదలైన ప్రభుత్వ నేత విద్యాసంస్థ నిలబడింది, నేడు అది ఇంజనీరింగ్, టెక్స్‌టైల్ టెక్నాలజీ కళాశాల. అది పాఠశాల కాబట్టి మార్లే గీతకు లోపల ఉంది. సేలం కర్మాగారం గీత దాటింది. పాఠశాలలు నిలిచి, పాఠం పరీక్షకు నిలిచే చోటు పోయింది.

జాతీయోద్యమం ఇచ్చిన జవాబు

ప్రభుత్వం చేయకపోతే మేమే చేస్తామన్నది స్వదేశీ ఉద్యమం మాట. 1906లో బెంగాల్‌లో జాతీయ విద్యా మండలి, అదే ఏడాది బెంగాల్ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడ్డాయి. వాటి వారసత్వమే నేటి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం. మన వైపు చూస్తే, మార్లే ఉత్తర్వు వెలువడిన 1910లోనే మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య దాని వెనుక ఉన్నవారు. చదువుతో పాటు చేతిపని నేర్పడం ఆ కళాశాల ప్రత్యేకత.

ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది. సేలంలో ప్రభుత్వం తలుపు మూసింది, బందరులో ప్రజలు చందాలతో తలుపు తెరిచారు. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఉందని రాయకండి, అలా చెప్పడానికి ఆధారం లేదు. కానీ రెండింటినీ పక్కపక్కన పెడితే ఆ కాలపు పరిస్థితి ఒక్క చూపులో అర్థమవుతుంది. చందాల మీద నడిచే సంస్థకు ప్రభుత్వానికి ఉన్నంత కొనుగోలు శక్తి ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. పోలీసులకు, ఆసుపత్రులకు, సైన్యానికి బట్ట కొనేది ప్రభుత్వమే. ఆ కొనుగోళ్లలో పెద్ద భాగం ఇంగ్లండ్ నుంచే జరుగుతున్నంత కాలం ఇక్కడ నేర్పిన పనికి గిరాకీ ఎక్కడిది?

ఉత్తర్వు తర్వాత

1910 నవంబరులో మార్లే స్థానంలో క్రూ వచ్చాడు. మార్లే మాటలను మరీ కఠినంగా అర్థం చేసుకున్నారంటూ కొంత సడలింపు ఇచ్చాడు. 1914లో మద్రాసులో పరిశ్రమల శాఖ తిరిగి ఏర్పడింది. ఛాటర్టన్ అప్పటికే మైసూరు సంస్థానానికి వెళ్లిపోయాడు. అక్కడ దివాన్‌గా మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఉన్నారు, లండన్ ఉత్తర్వుల పట్టు అక్కడ అంత బిగువుగా లేదు. 1916లో మొదలైన మైసూరు గంధపునూనె కర్మాగారం ఆ కాలానిదే. బ్రిటిష్ ఇండియాలో నిషిద్ధమైన పని పక్కనున్న సంస్థానంలో సాధారణ పాలనగా సాగింది. వలస విధానాన్ని అంచనా వేయడానికి ఈ పోలిక బాగా ఉపయోగపడుతుంది.

అసలు మార్పు తెచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం. ఓడలు ఆగిపోయాక ఇక్కడ ఏమీ తయారు కాదన్న సంగతి ప్రభుత్వానికే ప్రమాదంగా కనిపించింది. 1915 నవంబరులో హార్డింజ్ పారిశ్రామిక విధానం మారాలంటూ లండన్‌కు రాశాడు. 1916లో థామస్ హాలండ్ అధ్యక్షతన భారత పారిశ్రామిక కమిషన్ ఏర్పడింది, 1918లో నివేదిక ఇచ్చింది. ఛాటర్టన్ అందులో సభ్యుడు. మదన్ మోహన్ మాలవీయ కూడా సభ్యుడే, ఆయన విడిగా సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశారు. పరిశ్రమల అభివృద్ధిలో ప్రభుత్వం చురుకైన పాత్ర తీసుకోవాలని కమిషన్ చెప్పింది. అంటే ఎనిమిదేళ్ల కిందట సేలంలో తప్పన్న పనిని ఇప్పుడు జాతీయ అవసరం అన్నారు.

1919 చట్టం కింద పరిశ్రమల అభివృద్ధి, సాంకేతిక విద్య రాష్ట్రాల్లో బదిలీ చేసిన అంశాలయ్యాయి. శాఖ భారతీయ మంత్రికి వచ్చింది, ఖజానా తాళం మాత్రం రిజర్వుడు వైపే ఉండిపోయింది. ద్వంద్వ ప్రభుత్వ లోపాలు రాసేటప్పుడు ఈ ఉదాహరణ వాడుకోండి.

మరి ఫ్లై షటిల్? అది ఆగలేదు. 1942లో చేనేత, మిల్లులపై నిజ నిర్ధారణ కమిటీ నివేదిక ఇచ్చే నాటికి మద్రాసు రాష్ట్రంలో ఎక్కువ మగ్గాలు ఫ్లై షటిల్‌వే. నేతవారు కొత్త పరికరానికి వ్యతిరేకులన్న వాదన దీనితో పోతుంది. తమ ఇంట్లో, తమ వేళల్లో, తమ కుటుంబంతో వాడుకోగల మెరుగుదలను వారు తీసుకున్నారు. కాకపోతే నూలు అప్పు, బట్ట అమ్మకం అనే రెండు ముడులు అలాగే మిగిలిపోయాయి. సేలం ప్రయోగం విప్పాలని చూసింది వాటినే. స్వాతంత్ర్యం తర్వాత చేనేత సహకార సంఘాలు మళ్లీ ఆ రెండు ముడుల దగ్గరే మొదలుపెట్టాల్సి వచ్చింది.

మెయిన్స్‌కు ఎలా వాడుకోవాలి?

ఈ అంశాన్ని మూడు చోట్ల వాడవచ్చు. వలస ఆర్థిక విధానం మీద ప్రశ్న వస్తే ఎంపిక చేసుకున్న జోక్యానికి ఉదాహరణగా రాయండి. చేతివృత్తుల పతనం మీద ప్రశ్న వస్తే, పనివారు మార్పును తిరస్కరించారా అన్న వాదనకు జవాబుగా వాడండి. పాలన, నైపుణ్యాభివృద్ధి మీద ప్రశ్న వస్తే, శిక్షణను గిరాకీతో కలపకపోతే ఏమవుతుందో చెప్పడానికి తీసుకోండి. 1950లో మొదలైన వృత్తి పనివారల శిక్షణ పథకం, 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం ఈ రెంటినీ కలపడానికి చేసిన ప్రయత్నాలుగా చూడవచ్చు.

ఇంకో మాట. మీలో కొందరు రేపు జిల్లాల్లో, సచివాలయాల్లో కూర్చుంటారు. హాజరు తక్కువ, ఖర్చు ఎక్కువ, కాబట్టి ఫలానా శిక్షణ కేంద్రాన్ని మూసేయవచ్చు అన్న ఫైలు మీ బల్ల మీదికి వస్తుంది. ఆ ఫైల్లో అంకెలు నిజమే అయి ఉండవచ్చు. సంతకానికి ముందు సేలంను గుర్తుచేసుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. హాజరు ఎందుకు తక్కువగా ఉంది, పని నచ్చకనా, పనివేళలు కుదరకనా? మూసేయమని అడుగుతున్నది ఎవరు, అక్కడ నేర్చుకునేవారా, పక్కన వ్యాపారం చేసేవారా? ఇది మూసేశాక నేర్చుకునేవారు వెళ్లే తర్వాతి చోటు ఏది? 1910లో ఈ మూడో ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. కొన్ని కేంద్రాలను మూయడమే సరైన నిర్ణయం కావచ్చు. అప్పుడు కూడా ఈ మూడు జవాబులూ నోట్ ఫైలులో ఉండాలి.

సాధన ప్రశ్న: "1910 మార్లే ఉత్తర్వు శిక్షణకు, ఉత్పత్తికి మధ్య గీసిన గీత భారతదేశంలో వృత్తివిద్యను బలహీనపరిచింది." మద్రాసు, మైసూరు ఉదాహరణలతో విమర్శనాత్మకంగా పరిశీలించండి. 250 పదాలు, 15 మార్కులు.

ముందు పుస్తకం మూసి రాయండి. సేలం నేతవారి అయిష్టతకు ఒక పేరా, ఘాజీపూర్‌కు ఒక వాక్యం చోటిచ్చారో లేదో తర్వాత సరిచూసుకోండి.